రాత్రి షిఫ్టుల అలర్టులు చూసి చూసి అసలుదే జారిపోతుంది, ఏం చెయ్యాలె?

మడికొండ_నైట్:
మాది మడికొండ ఐటీ పార్కుల సాక్, అంటే కంప్యూటర్ల మీద దాడులు కనిపెట్టే సెంటర్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇద్దరు ఎల్‌1లు, అంటే అలర్టును మొదట చూసేటోళ్లు, ఒకటే క్యూ (అలర్టుల వరుస) చూస్తరు. 3 దాటినంక "ఫాల్స్ పాజిటివ్" (ఉత్తుత్తి అలర్టు) అని మూసినవి పగలు తిరగేస్తే, కొన్ని మూయాల్సినవి కావు. ఇంకో డాష్‌బోర్డ్ పెడదామంటుండు మా సారు. ఫాయిద ఉంటదా అన్నా?

ఓరుగల్లు_లాగ్స్:
వద్దు తమ్మీ, కండ్లకు ఇంకింత పని. ఇది బద్ధకం కాదు, మెదడు తీరే అంత. రాడార్ ఆపరేటర్ల సంగతి తేల్చెటందుకు సైకాలజిస్ట్ మాక్‌వర్త్ పెట్టిన పరీక్ష 1948ల అచ్చయింది. గడియారం ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు గడులు దుంకుతది, అది పట్టుకోవాలె. 2 గంటల పరీక్షల మొదటి అరగంట దాటంగనే పట్టుకునుడు తగ్గింది. అందుకే 30 నిమిషాలకోసారి క్యూ చేతులు మారాలె. దిగినాయన టికెట్లకు నోట్సు రాయాలె, ఫోన్ చూసుడు కాదు.

కాజీపేట_ఎల్2:
చేతులు మార్చినా చెత్త చెత్తనే ఉంటది. ముందుగాల 30 రోజుల మూసిన అలర్టులను రూల్ (అలర్టు లేపే షరతు) వారీగా లెక్కవెట్టుండ్రి. ఎక్కువ మోత చేసే పది రూల్స్ పట్టుకోండ్రి. తరచుగ దొరికేది: ప్రోగ్రాములు వాడే సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ మారుస్తరు, టైముకు తనంతట నడిచే షెడ్యూల్డ్ టాస్క్‌ల పాతదే ఉంటది. తెల్లందాక 4625లు (లాగిన్ ఫెయిలైందని విండోస్ రాసే ఈవెంట్), లాగాన్ టైప్ 4 (షెడ్యూల్డ్ టాస్క్ తీరు లాగిన్). టాస్క్‌ల పాస్‌వర్డ్ మారిస్తే మోత ఆగుతది.

మారుద్దామంటే టైమ్ పడితే, అకౌంట్, సోర్స్ మెషీన్, లాగాన్ టైప్ మూడూ కలిస్తేనే ఆ అలర్టును అణచుండ్రి, 14 రోజుల గడువుతోని. ఉత్త అకౌంట్ పేరు మీద అణిచిన్రా, రేపు దొంగ అదే అకౌంట్‌తోని వేరే మెషీన్ నుంచి వస్తే మీకు ఉలుకూ పలుకూ ఉండదు. వరుస 4625ల ఎనుక అదే సోర్స్ నుంచి 4624 (లాగిన్ అయ్యిందనే ఈవెంట్) వస్తే దానికి వేరే రూల్, హై సివియారిటీ.

హన్మకొండ_బ్లూటీమ్:
ఇద్దరు చెప్పింది ఖరారే. ఇంకొకటి, అలర్టు కనవడుడు వేరు, కదులుడు వేరు. 2013ల అమెరికా టార్గెట్ దుకాణాల డేటా చోరీల, దాడులు పట్టే సాఫ్ట్‌వేర్ ఫైర్‌ఐ అలర్టు ఇచ్చింది, బెంగళూరు టీం హెడ్ ఆఫీసున్న మినియాపొలిస్‌కు పంపింది, అక్కడ ఆగింది. 4 కోట్ల కార్డుల వివరాలు పోయినయ్. మూసే ముందు "ఎందుకు మూస్తున్న" అని ఒక్క వాక్యం తప్పనిసరి చెయ్యుండ్రి. రాయరాకపోతే మూయొద్దు, ఎల్2కు (పై మెట్టు వాళ్లకు) పంపాలె.

3 నుంచి 5 మధ్యల ఒంటికే నిద్ర వత్తిడి ఎక్కువ. వంతులవారీగ 20 నిమిషాల కునుకు ఇయ్యుండ్రి, లేచినంక 15 నిమిషాలు క్యూ ముట్టనియ్యొద్దు. టెస్ట్ మెషీన్ల అప్పుడప్పుడు ఐకార్ ఫైల్ (వైరస్ లెక్క పట్టుబడే, హాని లేని పరీక్ష ఫైల్) పెట్టి చూడుండ్రి, పట్టుకుంటున్నరా లేదా తెలుస్తది. కాని దాన్ని అప్రైజల్‌కు ముడివెట్టొద్దు. పెడితే దాన్నే వెతుకుతరు, మిగతాది వదిలేస్తరు.