మ్యాచ్‌లో ఆటగాడు కుప్పకూలితే ముందు షాకా, పీపీఈ కిట్టా?

సైడ్‌లైన్:
కోవిడ్ మహమ్మారి రోజుల్లో ఫుట్‌బాల్ టోర్నమెంటు. వైద్య బృందంలో నలుగురం. ఏఈడీ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం), అంబు బ్యాగు (మాస్కుతో ఊపిరి అందించే, చేత్తో నొక్కే సంచి), ఆక్సిజన్ సిలిండర్ ఉన్నాయి. ఎవరూ తగలకుండానే ఆటగాడు పడిపోయి, పిలిచినా పలకకపోతే, గౌన్లు తొడుక్కునేదాకా ఆగాలా? ఊపిరి అందించే నోటి దగ్గరి పని ఎవరికి అప్పగించాలి?

లబ్‌డబ్:
ఆగొద్దు. సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) గానీ షాక్ గానీ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. సర్జికల్ మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు ఆట మొదలైనప్పటి నుంచీ వేసుకునే ఉన్న ఒకరు ఏఈడీతో పరుగెత్తాలి. ఊపిరి ఉందో లేదో చూడటానికి చెంప నోటి దగ్గర పెట్టకండి, ఛాతీ కదలిక చూస్తే చాలు. ఎగశ్వాసను ఊపిరి అనుకోవద్దు. కాళ్లూ చేతులూ కాస్త కొట్టుకుంటే ఫిట్స్ అని పక్కకు తిప్పి కూర్చునే పొరపాటూ మామూలే. ఆటగాడి ముక్కూ నోటి మీద గుడ్డో మాస్కో వేసి, నిమిషానికి 100-120 చొప్పున, 5-6 సెం.మీ. లోతుకు నొక్కండి. చెమట తుడవకపోతే ఛాతీకి అంటించే ఏఈడీ ప్యాడ్లు అంటుకోవు. చేతికి రాసుకున్న శానిటైజర్ ఆరాకే ప్యాడ్లు ముట్టుకోండి.

2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలిన డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె మళ్లీ కొట్టుకున్నది మైదానంలోనే, ఒక్క షాక్‌తో. అదీ మహమ్మారి కాలమే.

గాలిగొట్టం:
నోటి దగ్గరి పని మిగతా ముగ్గురిలో ఇద్దరిది. వీళ్లకు ఎన్‌95, గాగుల్స్ ముందే ముఖాన ఉండాలి. అప్పుడు తొడుక్కోవాల్సింది గౌను, గ్లౌజులే. గడ్డం ఉన్నవాళ్లకు ఎన్‌95 అంచుల్లోంచి గాలి పోతుంది, వాళ్లను ఛాతీ నొక్కే పనికి మార్చండి.

ఇక అంబు బ్యాగుకు పెట్టే, వైరస్‌ను ఆపే ఫిల్టర్. దాన్ని బ్యాగు తోక వైపు బిగించేవాళ్లు చాలామంది. రోగి వదిలిన గాలి బయటికి పోయేది మాస్కు పక్కనున్న వాల్వ్ దగ్గర, కాబట్టి వైరల్ ఫిల్టర్ మాస్కుకూ వాల్వ్‌కూ మధ్య ఉండాలి. ఒకరు రెండు చేతులతో మాస్కును ముఖానికి అదిమి పట్టాలి, రెండోవాళ్లు బ్యాగు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిర్లు, ఆ రెంటికీ ఛాతీ నొక్కడం ఆపాలి. షాక్ ఇచ్చేటప్పుడు ఆక్సిజన్ కనీసం 1 మీటరు దూరం.

సైడ్‌లైన్:
చాలా ఉపయోగం. పిల్లల మ్యాచ్‌లూ ఉన్నాయి, వాళ్లకూ ఇదేనా?

లబ్‌డబ్:
పిల్లల్లో చాలాసార్లు ముందు ఊపిరే ఆగుతుంది, గుండె ఆ తర్వాత. అందుకే వాళ్లకు ఊపిర్లు మానేయొద్దు, ఫిల్టర్ ఉన్న బ్యాగుతో ఇవ్వండి. బంతి ఛాతీకి తగిలిన వెంటనే పడిపోతే మాత్రం లెక్క వేరు, అక్కడ షాకే ముందు.

తెల్లగౌను:
అసలు వైరస్ అంటుకునేది కిట్టు విప్పేటప్పుడు. విప్పే వరుస: గ్లౌజులు, గౌను, చేతుల శుభ్రం, గాగుల్స్, చివర్న మాస్కు, మళ్లీ చేతులు. మాస్కు తీసేటప్పుడు ముందుభాగం ముట్టుకోకుండా వెనక పట్టీలు పట్టుకోండి. స్ట్రెచర్ తుడవడానికి 0.1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం): 5 శాతం ద్రావణం 1 వంతు, నీళ్లు 49 వంతులు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఏఈడీకి అది వాడొద్దు, తయారీదారు ఒప్పుకుంటే 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

ఇంకోటి: ఎండలో పరుగెత్తి తికమకగా మాట్లాడుతూ, రెక్టల్ (మలద్వారంలో పెట్టే) థర్మామీటర్‌లో 40 డిగ్రీలు దాటితే జ్వరమని విడిగా గదిలో పడుకోబెట్టకండి. అది వడదెబ్బ. ముందు మంచునీళ్ల తొట్టి, ఆ తర్వాతే అంబులెన్సు ప్రయాణం.