బార్తెల్‌లో 20కి 20, అయినా ఒంటరిగా వదల్లేం: ఏ స్కేలు వాడాలి?

ప్రశ్న: తలకు దెబ్బ తగిలి నడవగలుగుతున్న పేషెంట్లకు బార్తెల్ ఇండెక్స్ (తినడం, నడవడం లాంటి రోజువారీ పనులు తనే ఎంతవరకు చేసుకోగలరో చూపే 0–20 స్కోరు) త్వరగా గరిష్ఠానికి చేరుతోంది. మిగిలిన ఇబ్బంది అందులో కనబడదు. ఇంకేం వాడొచ్చు?

జవాబు: బార్తెల్ శారీరక పనులనే కొలుస్తుంది. జ్ఞాపకశక్తి, ప్రవర్తన అందులో లేవు. ఇతరుల సాయం ఎంత కావాలో కొలిచే ఫిమ్ (FIM) స్కేలులోని 18 అంశాలకు, దాని పొడిగింపు ఫామ్ (FAM) మరో 12 కలుపుతుంది. ఒక్కోదానికి 1 (పూర్తిగా ఇతరుల మీదే ఆధారం) నుంచి 7 (పూర్తిగా తనే), మొత్తం 30–210. మొత్తం ఒక్కటే చూడకండి, చలన భాగాన్నీ జ్ఞాన భాగాన్నీ విడిగా చూడాలి. చేరిన 10 రోజుల్లోపు ఒకసారి, డిశ్చార్జికి ముందు వారంలో ఒకసారి టీమంతా కూర్చుని స్కోరు వేయాలి. థెరపీ జిమ్‌లో చేయగలిగింది కాదు, వార్డులో నిజంగా చేసేదే స్కోరు. ఎక్కువ తప్పులు ఇక్కడే. పక్కన మనిషి ఉండి చెప్పాల్సి వస్తే 5, ఊతకర్రతోనో ఎక్కువ సమయం తీసుకునో తనే చేస్తే 6.

మరో జవాబు: పేషెంట్ ఎంత కోలుకున్నాడనే ఫలితం వేరు, అతనికి ఎంత సేవ కావాలనే అవసరం వేరు. అవసరానికి రిహాబ్ కాంప్లెక్సిటీ స్కేలు ఉంది: సంరక్షణ, నర్సింగ్, వైద్యం, థెరపీ, పరికరాలు. రెండు వారాలకోసారి నింపండి. కావలసింది ఒక గడిలో, అందింది మరో గడిలో రాయాలి. అందిందే అవసరంగా రాస్తే సిబ్బంది కొరత కాగితం మీద మాయమైపోతుంది!

ప్రశ్న: పూర్తిగా మంచం మీదున్నవాళ్ల సంగతి?

జవాబు: వాళ్లకు నార్త్‌విక్ పార్క్ డిపెండెన్సీ స్కేలు (ఒక్కో పనికి ఎంతమంది సాయం, ఎంతసేపు కావాలో చూసేది) మేలు. దాని నుంచి వారానికి ఎన్ని గంటల సంరక్షణ కావాలో లెక్కకట్టొచ్చు. పక్కకు తిప్పడానికి ఇద్దరికి బదులు ఒకరు చాలితే, ఆ మార్పు ఈ గంటల లెక్కలో తెలుస్తుంది.