పండగ రోజుల్లో పిల్లలకి కృతజ్ఞత ఎలా నేర్పుతున్నారు? ఇంట్లో మీరు చేసేవి చెప్పండి

పాలకొల్లు_అమ్మ
అందరికీ వందనాలండి. మా పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌ల దగ్గర్నుంచి కొత్త సంవత్సరం దాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇస్తూనే ఉంటారు. నానమ్మ వాళ్ళు బట్టలు, హైదరాబాద్ నుంచి మావయ్య బొమ్మలు, సండే స్కూల్లో టిఫిన్ బాక్సులు. ప్యాకెట్ చింపడం, పక్కన పడేయడం, "ఇంకేం తెచ్చారు?" అనడం. కృతజ్ఞత మీద వాక్యాలు కంఠతా చెప్తారు, ప్రైజు కూడా తెచ్చుకుంటారు. ఆ ప్రైజు ఇచ్చినవాళ్ళ మొహం మాత్రం చూడరు. బలవంతంగా థాంక్స్ చెప్పించడం నాకు ఇష్టం లేదు. ఇంత చిన్నపిల్లలతో పండగల్లో ఇంట్లో మీరేం చేస్తారు? క్రిస్మసే కాదు, చర్చిలో చేసుకునే కోతల పండగైనా ఈస్టరైనా సరే. ఖర్చు తక్కువైతే ఇంకా మంచిది.

రాజోలు_మామ్మ
అమ్మాయ్, మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో పిడికెడు బియ్యం తీసే అలవాటుంది. పూటపూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. కోతల పండగ ఆదివారం అది గుడికి పట్టుకెళ్తాం. ఇప్పుడు ఆ పిడికిలి మా మనవరాలిది. ఐదేళ్ళ పిల్ల, ఎన్ని గింజలు పడతాయి? సగం వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. కిందపడ్డవి ఏరించి మళ్ళీ డబ్బాలో వేయిస్తాను. వేసేటప్పుడు తనకి మేలు చేసినవాళ్ళని ఒక్కళ్ళని తలుచుకోవాలి. మొదట్లో రోజూ "అమ్మ" అనేది. "అమ్మ సంగతి నిన్న చెప్పావుగా, ఇవాళ ఎవరు?" అని అడిగితే ఆలోచించడం మొదలెట్టింది. పాలు పోసే ఆయన వచ్చాడు, బడి ఆటో ఆయన వచ్చాడు, చెప్పు కాలవలో పడితే దిగి తీసిచ్చిన పై క్లాసు అబ్బాయి వచ్చాడు. ఆ చెప్పు సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. బియ్యం వేస్తూ చెప్తేనే తెలిసింది. మర్నాడు ఆ అబ్బాయికి రెండు సున్నుండలు పంపించాం.

ఇంకోటి. కోతల పండగనాడు ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేస్తారు కదా, కోళ్ళు, గుమ్మడికాయలు, అరటి గెలలు. పిల్లల చేత మీ దొడ్లో కాసింది ఒకటి ఇప్పించు. తను మోసుకొచ్చిన కొబ్బరికాయకి పెద్దవాళ్ళు పోటీపడి వేలం పాడుతుంటే, అది ఎక్కడిది, ఎవరు దింపారు, నీళ్ళు ఎవరు పెట్టారు అని తనే అడుగుతుంది.

భీమవరం_నాన్న
మేం వీడియో చూసి కృతజ్ఞతా చెట్టు చేశామండి. ఎండిన జామకొమ్మ ఒకటి డబ్బాలో ఇసక పోసి నిలబెట్టి, రోజుకో కాగితం ఆకు మీద ఒక మాట రాసి కట్టడం. మా వాడు వరసగా "ఫోను, బిర్యానీ, సెలవు, మళ్ళీ బిర్యానీ" అని రాశాడు. తిట్టలేదు. ఆకు తిప్పి వెనకవైపు "ఎవరి వల్ల?" అని రాయించాం. బిర్యానీ వెనక వాళ్ళ పెద్దమ్మ వచ్చింది, ఆవిడకి ఫోన్ చేశాడు. వెనక రాసింది పనికొచ్చింది, ముందు రాసింది అంతగా కాదు.

ఒక్క మాట. ఆ వీడియోలన్నీ అమెరికా థాంక్స్‌గివింగ్‌వి. 1863లో లింకన్ ప్రకటించిన దగ్గర్నుంచి ఏటా దేశమంతా చేసుకుంటున్నారు, ఇప్పుడది నవంబరు నాలుగో గురువారం. టర్కీ కోడి బొమ్మలు, ఎర్రబడి రాలే ఆకులు మన పిల్లలకి ఎక్కవు. అదే సమయానికి మనకి సార్వా, అంటే వానాకాలం వరి కోతలు. చేను చూపించి మొదలెడితే చాలు.

లంక_టీచర్
సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు చూస్తాను. నాలుగేళ్ళ పిల్లాడికి "దేవుడు మనకి అన్నీ ఇచ్చాడు" అంటే అందదండి. అన్నీ అంటే వాడికి ఏదీ కాదు. ఒక వస్తువు, ఒక మనిషి, ఒక పని చెప్పాలి. "ఈ చొక్కా గుండీ ఊడితే ఎవరు కుట్టారు?" అంటే టక్కున చెప్తాడు. అక్కడి నుంచి ప్రార్థనలోకి తీసుకెళ్ళొచ్చు.

మా ఇంట్లో ఆగమన కాలం, అంటే క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటి ఆదివారమే యేసు పుట్టిన పశువుల పాక కడతాం. తొట్టి మాత్రం ఖాళీగా ఉంచుతాం. ఎవరైనా తమకి చేసిన మేలు గుర్తుచేసుకుని చెప్తే ఒక గడ్డిపరక అందులో వేయొచ్చు. నాలుగు ఆదివారాలు గడిచి 24 రాత్రి బాలయేసు బొమ్మని పడుకోబెట్టేసరికి తొట్టి మెత్తగా ఉండాలి. చిన్నాడు రోజూ పడుకునే ముందు వేలితో నొక్కి చూస్తాడు, "ఇంకా గుచ్చుకుంటోంది" అంటాడు. అప్పుడు ఇంకో రెండు సంగతులు గుర్తొస్తాయి. మిషన్ కోసిన చేలో గడ్డి నలిగి తుక్కైపోతోంది, చేత్తో కోసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి. పరక పొడుగ్గా ఉంటేనే పిల్లలకి సరదా.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల కథని చింతపిక్కలతో చెప్పండి. పది పిక్కలు వరసగా పెట్టి, యేసు వల్ల బాగైపోయాక తొమ్మిదింటిని పిల్లల చేతే దూరంగా తోయించండి. ఒక్కటి ఆయనకి కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి రావాలి. వచ్చినవాడు సమరయుడని, అంటే బయటివాడని చెప్పడం మర్చిపోవద్దు.

కాకినాడ_సిస్టర్
మేమైతే ఏటా క్రిస్మస్ ముందు పిల్లల్ని ఒక హాస్టల్‌కి తీసుకెళ్తాం. అమ్మానాన్న దగ్గర లేని పిల్లల్ని చూస్తే తమకి ఎంత ఉందో తెలిసొస్తుంది. దుప్పట్లు, కేకులు మా పిల్లల చేతే ఇప్పిస్తాం.

బోర్డింగ్_కుర్రాడు
సిస్టర్, కోపంతో రాయడం లేదు. నేను అలాంటి హాస్టల్లోనే పెరిగాను. డిసెంబరులో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వచ్చేవారు. మేం వరసగా నిలబడి పాట పాడాలి, తువ్వాలు తీసుకోవాలి, అందరం కలిసి "థాంక్యూ అంకుల్" అనాలి, ఫొటో దిగాలి. వాళ్ళ పిల్లలు అమ్మ చెయ్యి పట్టుకుని మమ్మల్నే చూసేవారు. ఇంటికెళ్ళాక వాళ్ళకి ఏం చెప్పేవారో ఇప్పుడు మీ పోస్టులో చదివాను. మాకు లేకపోవడం వాళ్ళకి పాఠం ఎందుకవ్వాలి? "వాళ్ళకి లేదు, నీకుంది" అని నేర్పితే పిల్లలకి వచ్చేది హమ్మయ్య అనుకోవడం. అది కృతజ్ఞత కాదండి.

ఒక కుటుంబం మాత్రం వేరేగా వచ్చేది. ఇంటి దగ్గర వండుకొచ్చి మాతో పాటు అదే వరసలో కింద కూర్చుని తినేవారు. వాళ్ళబ్బాయికి ఈత రాదు, మా సీనియర్ ఒకడు వచ్చినప్పుడల్లా వాణ్ణి హాస్టల్ వెనక చెరువులో దింపి నేర్పాడు. వాడు ఇప్పటికీ ఆ సీనియర్‌కి పండక్కి ఫోన్ చేస్తాడు.

కాకినాడ_సిస్టర్
బ్రదర్, మా ఉద్దేశం మంచిదే, కానీ మీరు అటువైపు నుంచి చెప్పారు. మరి వెళ్ళడం మానేయమంటారా?

బోర్డింగ్_కుర్రాడు
మానొద్దండి, దుప్పట్లు నిజంగా అవసరమే. వాటిని వార్డెన్ గారికి ఇచ్చేయండి, ఫొటో వద్దు. తర్వాత కూర్చుని తినండి, మీ పిల్లలు అక్కడ ఏదో ఒకటి నేర్చుకునేలా చూడండి, పాటో ఆటో. ఎప్పుడూ ఇచ్చే చెయ్యి మనదే అయితే పుచ్చుకోవడం పిల్లలకి ఎలా వస్తుంది? ఇవ్వడం నేర్పడం వేరు, కృతజ్ఞత నేర్పడం వేరు.

కువైట్_కోనసీమ
నేను ఇక్కడ ఇళ్ళల్లో పని చేస్తాను. పాప మా అమ్మ దగ్గర అమలాపురం పక్కన ఉంటుంది. క్రిస్మస్‌కి కార్గోలో పెట్టె పంపిస్తే వీడియో కాల్‌లో "థాంక్యూ మమ్మీ" అని నాకు చెప్తుంది. ఆ మాట వింటే సంతోషమే. కానీ తెల్లారి లేచి నీళ్ళు కాచి, జడేసి, బాక్సు కట్టేది అమ్మమ్మ. ఆవిడకి ఎవరూ చెప్పరు, రోజూ చేస్తుంది కాబట్టి. అందుకని ఒక రూలు పెట్టాను. పెట్టె విప్పేముందు అమ్మమ్మ ఆ వారం తనకోసం చేసిన పని ఒకటి చెప్పి, పెట్టెలో మొదటి వస్తువు ఆవిడ చేతికివ్వాలి. పోయినేడు చాక్లెట్ డబ్బా ఇచ్చి "మోకాళ్ళు నొప్పి పెడుతున్నా నన్ను రోడ్డు దాకా దింపావు" అంది. నా దగ్గర ఆ నొప్పి సంగతి అమ్మ దాచింది. ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి పంపించాను.

నరసాపురం_లేసు
చదివి కళ్ళు తడిశాయి చెల్లీ. మాది లేసు అల్లే ఇల్లు. 19వ శతాబ్దంలో మిషనరీ అమ్మగార్లు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పిన పని, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పనే అనే ముద్ర కూడా వచ్చింది. నేను డిసెంబరులో తెల్ల నూలుతో చిన్న చిన్న నక్షత్రాలు అల్లి, గంజిపెట్టి ఆరబెడతాను. పిల్లలు వాటిని ఎవరికివ్వాలో వాళ్ళే తేల్చుకోవాలి, ఎందుకిస్తున్నారో ఒక్క వాక్యం చెప్పాలి. మా బాబు ఒకటి ఆటో ఆయనకిచ్చి "నువ్వు హారన్ కొట్టి మా నాన్నని లేపుతావు" అన్నాడు. ఆయన దాన్ని అద్దానికి కట్టుకున్నాడు, ఎండకి పచ్చబడినా తీయలేదు.

రేవు_పెద్దాయన
ఈస్టర్ గురించి ఎవరూ చెప్పలేదు. ముందు రోజు సమాధుల తోట శుభ్రం చేసి సున్నం వేసేటప్పుడు మనవల్ని తీసుకెళ్ళండి. తెల్లారుజామున కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు పిల్లలకి నిద్రమత్తు, చెప్పింది ఎక్కదు. సున్నం బ్రష్ చేతికిస్తే వింటారు. నేను మా నాన్న సమాధి దగ్గర 1996 నవంబరు 6 తుపాను రాత్రి సంగతి చెప్తాను. మా పాక ఎగిరిపోతే ఎదురింటి వాళ్ళు తమ డాబాలో మా అందర్నీ ఉంచుకున్నారు. వాళ్ళు హిందువులు. అప్పట్నుంచి మా క్రిస్మస్ పిండివంటల్లో మొదటి పళ్ళెం ఆ ఇంటికే, పిల్లల చేతే పంపిస్తాం. సంక్రాంతికి వాళ్ళ అరిసెలు మాకొస్తాయి. పళ్ళెం మోసే పిల్లకి అది ఎందుకు మోస్తోందో తెలియాలండి, లేకపోతే అది వట్టి పళ్ళెమే.

పాలకొల్లు_అమ్మ
అందరికీ చాలా థాంక్సండి. ఇవాళే బియ్యం డబ్బా పక్కన ఇంకో డబ్బా పెట్టేశాను మామ్మగారూ. గడ్డి తొట్టి కూడా చేస్తాం. ఒక్క అనుమానం. మా బాబుకి సిగ్గు, కొత్తవాళ్ళ ముందు నోరు విప్పడు. వాడితో ఎలా?

లంక_టీచర్
నోటితో చెప్పించొద్దండి. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ గ్లాసు వాడి చేత ఇప్పించండి, బొమ్మ తెచ్చిన మావయ్యని ఆ బొమ్మతో ఆడటానికి చెయ్యి పట్టుకు లాక్కెళ్ళనివ్వండి. మాట తర్వాత అదే వస్తుంది. గడ్డికి ఇబ్బందైతే చెప్పండి, మా బాబాయి చేను ఇంకా చేత్తోనే కోస్తున్నారు. శనివారం పాలకొల్లు వచ్చేటప్పుడు ఒక కట్ట తెస్తాను.