హర్డ్ అడుగున ఇంకా మాక్ కెర్నలేనా, ఎస్‌ఈఎల్4కి మారాలా?

అంతర్వాహిని: గ్నూ హర్డ్ అంటే ఫైళ్ల లాంటి పనుల్ని కెర్నల్ (మెమరీ, ప్రోగ్రాముల మధ్య సందేశాలు చూసే మూల ప్రోగ్రామ్) బయట సర్వర్లనే ప్రోగ్రాములతో చేయించే ఆపరేటింగ్ సిస్టమ్. దాని పని 1990లో మొదలైంది. 2025లో వచ్చిన డెబియన్ గ్నూ/హర్డ్‌లో 64 బిట్ ఉంది, డిస్కు డ్రైవర్లు రంప్‌డిస్క్ పేరుతో కెర్నల్ బయట నడుస్తున్నాయి. అడుగున కెర్నల్ మాత్రం అదే మాక్. మామూలు సందేశం కెర్నల్ బఫర్‌లోకి ఒకసారి, అందుకునే టాస్కులోకి (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకోసారి కాపీ అవుతుంది. క్యూలో ఆగిన సందేశాల మెమరీ ఎవరి ఖాతాలో రాయాలో దానికి తెలియదు. ఎస్‌ఈఎల్4 అనే చిన్న కెర్నల్ 2014 నుంచి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సులో దొరుకుతోంది, గణితంతో రుజువైన కోడ్. ఇకపై ప్లాన్ దాని మీద వేసుకోవద్దా?

సెండ్‌రైట్: వేసుకోవచ్చు, సర్వర్లన్నీ తిరగరాసే మనుషులుంటే. హర్డ్‌ని ఎల్4 (ఎస్‌ఈఎల్4 పుట్టిన కెర్నల్ కుటుంబం) మీదికి మార్చే పని కూడా ఇలాగే మొదలై మధ్యలో ఆగింది.

చిక్కు ఎక్కడో చూడండి. ఫైలు తెరిస్తే క్లయింటుకి (అడిగిన ప్రోగ్రామ్) డిస్కులోని ఫైళ్లు చూసే ఈఎక్స్‌టీ2 సర్వర్ పోర్టు (సందేశాలు అందుకునే చోటు) మీద సెండ్ రైట్, అంటే సందేశం పంపే హక్కు, దక్కుతుంది. ప్రోగ్రామ్ క్రాషైనా సరే, ఆఖరి రైట్ పోగానే మాక్ ‘నో సెండర్స్’ (పంపేవాళ్లు ఎవరూ లేరు) నోటిఫికేషన్ పంపుతుంది, సర్వర్ ఆ ఫైలు తాలూకు మెమరీ వదిలేస్తుంది. ఎస్‌ఈఎల్4లో అది లేదు. ఆ లెక్కకి వేరే సర్వర్ పెట్టి, రైట్ చేతులు మారిన ప్రతిసారీ దానికి చెప్పాలి. ఒక్కటి తక్కువ లెక్కించినా, వాడుతున్న ఫైలే మూసుకుపోతుంది. ఎక్కువ లెక్కిస్తే మెమరీ ఎప్పటికీ ఖాళీ కాని లీకు. డిస్కు నుంచి చదివింది మెమరీలో దాచే పేజీ క్యాష్ కూడా మాక్‌దే, అదీ మనమే రాసుకోవాలి.

అంతర్వాహిని: జెనోడ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రేమ్‌వర్క్ ఇవన్నీ కెర్నల్ బయటే చూసుకుంటూ ఎస్‌ఈఎల్4 మీద నడుస్తోంది కదండీ.

సెండ్‌రైట్: జెనోడ్‌కి తన ఏపీఐ తనది. మన గ్లిబ్‌సీలో (ప్రోగ్రాములన్నీ వాడే సీ లైబ్రరీ) ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి నకలు తీయడం, అంటేనే మాక్ కాల్‌తో కొత్త టాస్కు సృష్టించి, పోర్టు రైట్లు ఒక్కొక్కటే పిల్ల టాస్కులో పెట్టడం. అదంతా మార్చాలి. ఇక రుజువు కెర్నల్‌కే, అదీ సింగిల్ కోర్ అమరికకే. పైన మనం రాసే సర్వర్లకి ఎవరిస్తారు రుజువు?

బూట్‌మాడ్యూల్: ఇద్దరూ కెర్నల్ దగ్గరే ఆగిపోయారు. ముందు చేయాల్సింది మాక్ మీదే మల్టీకోర్ నిలబెట్టడం, డ్రైవర్లు కుదుటపరచడం. రంప్‌డిస్క్ మెమరీని వైర్ చేయకపోతే (కదలకుండా ర్యామ్‌లోనే ఉంచకపోతే) దాని పేజీయే స్వాప్‌లోకి, అంటే డిస్కులోకి, పోతుంది. అది తిరిగి రావాలంటే డిస్కు చదవాలి, చదవాల్సింది రంప్‌డిస్కే. సిస్టమ్ అక్కడే బిగుసుకుంటుంది. 32 బిట్‌లోనైతే గ్రబ్ (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) లైన్లో ‘నోఐడీఈ’ ఇవ్వండి, లేదంటే మాక్‌లోని పాత డ్రైవరూ ఇదీ ఒకే కంట్రోలర్ కోసం కొట్టుకుంటాయి.

అంతర్వాహిని: డ్రైవర్ల వరకు ఒప్పుకుంటాను. మెమరీ ఖాతా సంగతికి మాత్రం జవాబు రాలేదు. ఏ క్లయింటైనా సర్వర్ చేత ఎంత మెమరీ అయినా వాడించగలదు, మల్టీకోర్ వచ్చినా అది మారదు.