అమ్మ దిగులుకి డార్క్ చాక్లెట్ మందా?

శ్రావణి_కూకట్‌పల్లి
నాన్నగారు పోయిన దగ్గర్నుంచి అమ్మ బాగా డల్ అయిపోయింది. టీవీ పెట్టుకుంటుంది గానీ చూడదు, రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేస్తుంది. అన్నయ్య అమెరికా నుంచి డార్క్ చాక్లెట్లు పంపించి "రోజూ రెండు ముక్కలు పెట్టు, అవి తినేవాళ్ళలో డిప్రెషన్ 70 శాతం తక్కువని స్టడీ వచ్చింది" అని మెసేజ్ పెట్టాడు. అమ్మకి షుగర్ కూడా ఉంది. పెట్టొచ్చా? నిజంగా పనిచేస్తుందా?

డల్లాస్_సందీప్
పెట్టొచ్చండి. ఆ స్టడీ నేనూ చదివా, 2019లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు చేశారు, 13,626 మంది అమెరికన్ల డేటా, చిన్న సంఖ్యేం కాదు. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ ఉంటుంది, కొద్దిగా కెఫిన్, ఫినైల్‌ఇథైలమైన్ ఉంటాయి, ఇవన్నీ మెదడు మీద పనిచేసేవే. మా అమ్మకి కూడా నేను పంపిస్తుంటా. తిన్న రోజు గొంతులో తేడా తెలుస్తుంది.

గోదారి_రైతు
అమ్మా, అట్ట మీద చూసుకోండి, 70 శాతం కోకో అని ఉంటేనే పెట్టండి, స్టడీలో కూడా 70 శాతమే అన్నారు కదా. షాపుల్లో చవగ్గా దొరికే కాంపౌండ్ మాత్రం వద్దు, అందులో కోకో బటర్ బదులు పామాయిల్ లాంటి నూనెలుంటాయి.

నిజామాబాద్_వంశీ
అక్కా, మా నాయినకు కూడా షుగరే. చిన్న ముక్క తింటే ఏం కాదని డాక్టర్ సాబ్ అన్నడు గానీ రాత్రి పూట పెట్టకుర్రి, అసలే నిద్ర పట్టదు పెద్దోళ్ళకు.

పద్మజ_గుంటూరు
రైతు గారూ, ఆ 70 వేరు, ఈ 70 వేరు. కోకో 70 శాతమని కాదు, డిప్రెషన్ లక్షణాలు కనబడే అవకాశం 70 శాతం తక్కువగా ఉందని. సందీప్ గారూ, 13,626 అన్నారు, అందులో డార్క్ చాక్లెట్ తిన్నామన్నవాళ్ళు 148 మంది. అదైనా ఎలా తేల్చారంటే ఏవో రెండు రోజుల్లో ఏం తిన్నారో అడిగి రాసుకున్నారు, అంతే. కొందరికి చాక్లెట్ ఇచ్చి కొందరికి ఇవ్వకుండా తర్వాత చూసింది కాదు. చాక్లెట్ తిన్నందుకు మనసు బాగుందో, మనసు బాగుంది కాబట్టి ఇష్టమైనవి తినాలనిపించిందో దాంట్లో తేలదు. డిప్రెషన్ వస్తే ముందు పోయేదే ఆ తినాలనే కోరిక, శ్రావణి రాసింది మళ్ళీ చదవండి, కంచం జరిపేస్తోంది ఆవిడ.
ఇంకోటి, 2010లో శాన్ డియాగోలో వచ్చిన స్టడీ సరిగ్గా ఉల్టా చెప్పింది. డిప్రెషన్ లేనివాళ్ళు నెలకి 5.4 సార్లు తింటే, ఎక్కువ డిప్రెషన్ ఉన్నట్టు తేలినవాళ్ళు 11.8 సార్లు తిన్నారు. మరి చాక్లెట్ వల్లే డిప్రెషన్ వస్తుందని మెసేజ్ పెట్టమంటారా? మీరు చెప్పిన ఫినైల్‌ఇథైలమైన్ని ఒంట్లో ఉండే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమే విరగ్గొట్టేస్తుంది, మెదడు దాకా చేరేది దాదాపు ఏమీ ఉండదు.

గోదారి_రైతు
మీరు చెప్పింది సరే గానీ అసలు మంచి కోకో ఎవరు తింటున్నారండీ. మాది ఏలూరు జిల్లా, కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాం. కాయ కొట్టగానే గింజ చుట్టూ తెల్లటి గుజ్జుంటుంది, పుల్లపుల్లగా తియ్యగా. ఆ గింజ కోస్తే లోపల ఊదారంగు, నోట్లో పెట్టుకుంటే నాలుక పిడచకట్టుకుపోతుంది, చాక్లెట్‌లో మంచిదని చెప్పే ఆ వగరు సరుకు, ఫ్లావనాల్స్ అంటారు, అంతా అక్కడే ఉంటుంది. చెక్కపెట్టెల్లో పోసి ఐదారు రోజులు మగ్గబెట్టి ఎండలో ఆరబెడితే గోధుమరంగుకి తిరుగుతుంది, వాసనొస్తుంది, వగరు పోతుంది, దాంతోపాటు ఆ సరుకూ చాలావరకు పోతుంది. పైగా ఫ్యాక్టరీలో వేయిస్తారు, కొంతమంది క్షారం కలుపుతారు. కంపెనీలవాళ్ళు 2024లో ఎగబడి కొన్నారు, మరుసటేడు రేటు సగానికి పడగొట్టి మా గింజ బాగాలేదన్నారు. బాగాలేనిది గింజా?

డల్లాస్_సందీప్
రైతు గారూ మీ బాధ అర్థమైంది, కానీ టాపిక్ అది కాదు. పద్మజ గారూ, అన్నీ కొట్టిపారేస్తే ఎలాగండి. కోకో ఫ్లావనాల్స్ రోజుకి 200 మిల్లీగ్రాములు తీసుకుంటే రక్తనాళాల సాగే గుణం నిలబడుతుందని యూరప్ ఫుడ్ సేఫ్టీ అథారిటీయే 2012లో ఒప్పుకుంది. రక్తప్రసరణ బాగుంటే మెదడుకీ మంచిదే కదా.

పద్మజ_గుంటూరు
ఫ్లావనాల్స్ ఎంతున్నాయో ఏ అట్ట మీద రాస్తారండీ? కోకో శాతం రాస్తారు, ఫ్లావనాల్స్ రాయరు, రైతు గారు చెప్పిన మగ్గబెట్టడం, వేయించడం తర్వాత ఎంత మిగిలిందో కొనేవాడికి తెలీదు. ఇక అమెరికాలో 21,442 మంది మీద కాస్మోస్ అని పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితాలు 2022లో వచ్చాయి. రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్, అదీ క్యాప్సూల్లో, చాక్లెట్ కాదు. గుండె జబ్బులన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి, ఆలోచన సంగతి చూసిన భాగంలో కోకోతో లాభమేమీ కనబడలేదు.

డల్లాస్_సందీప్
అదే ట్రయల్లో గుండె జబ్బు మరణాలు 27 శాతం తగ్గాయి. అది రాయలేదేం?

కెమిస్ట్రీ_మాస్టారు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 1994లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఒకటి చేశారు. చాక్లెట్ తినాలని నాలుక పీకేవాళ్ళకి ఒకసారి కోకో పొడి క్యాప్సూల్లో ఇచ్చారు, ఒకసారి కోకో పొడి లేని వైట్ చాక్లెట్ ఇచ్చారు. క్యాప్సూల్‌తో కోరిక తీరలేదు, వైట్ చాక్లెట్‌తో కొంత తీరింది. అంటే ఆ హాయి మందుసరుకుది కాదు, తీపి, కొవ్వు, వాసన, నోట్లో కరగడం. కోకో బటర్ ఒంటి వేడికి కాస్త కిందే కరుగుతుంది, అందుకే నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. ఆ కాసేపు బాగుండటం అబద్ధం కాదు, కాసేపే. షుగర్ సంగతికొస్తే 70 శాతం బారులో వంద గ్రాములకి సుమారు 30 గ్రాముల చక్కెర, మిల్క్ చాక్లెట్‌లో 50 దాటుతుంది. రెండు చిన్న ముక్కలైతే చెంచాన్నర చక్కెర లెక్కేసుకుని అన్నంలో తగ్గించుకోవచ్చు.

డల్లాస్_సందీప్
మాస్టారూ థాంక్స్, ఆ కాసేపు చాలదా మరి? పద్మజ గారూ, మీరెందుకింత కోపంగా రాస్తున్నారో నాకర్థం కావట్లేదు. ఒక కొడుకు ప్రేమగా పంపితే దాంట్లో కూడా తప్పులు వెతకాలా? ఇండియాలో ఉన్నవాళ్ళకి మేం ఏం పంపినా తప్పే, పంపకపోయినా తప్పే.

పద్మజ_గుంటూరు
కోపం ఎందుకంటే చెప్తా వినండి. మా చెల్లికి డెలివరీ అయ్యాక ఇలాగే అయింది. బిడ్డ ఏడుస్తున్నా గోడ వైపు తిరిగి పడుకునేది. అత్తగారింట్లో ఒకరు హార్లిక్స్ అన్నారు, ఒకరు డార్క్ చాక్లెట్ తెప్పించారు, మా మరిదిగారు ఫోన్లో ఆర్టికల్ చూపించారు, అందరూ ఏదో ఒకటి పెట్టి చెయ్యాల్సింది చేసేశామనుకున్నారు. ఆఖరికి హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగిన మాట ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని. పెట్టెలో సగం చాక్లెట్లు అలాగే ఉన్నాయండీ, అది తినలేదు. నేను చాక్లెట్‌ని అనట్లేదు. మందన్న పేరు పెట్టి పంపితే మనిషిని చూడాల్సిన పని అయిపోయినట్టు అనిపిస్తుంది, దాన్ని అంటున్నా.

డల్లాస్_సందీప్
మీ చెల్లెలి విషయం విని బాధగా ఉంది. కానీ నా వైపు నుంచి కూడా చూడండి. మా అమ్మకి ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటుంది, వీడియో కాల్ అంటే ఇల్లు చిందరవందరగా ఉంది వద్దంటుంది, డాక్టర్ దగ్గరకెళ్ళు అంటే నాకేమన్నా పిచ్చా అంటుంది. చాక్లెట్ పెట్టె అయితే కాదనదు. ఇంత దూరం నుంచి నా చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా మీరు పనికిరాదంటే నాకేం మిగుల్తుంది?

నిజామాబాద్_వంశీ
అన్నా, పెట్టె పంపుడు బంద్ చెయ్యమని ఎవ్వరు అంటలేరు. ఆమె బుక్కెడు తింటలేదంటే గా సంగతి చూడాలె ముందుగాల.

పద్మజ_గుంటూరు
శ్రావణీ, మీ అన్నయ్య చెప్పిన స్టడీలోనే డిప్రెషన్ కొలవడానికి పీహెచ్‌క్యూ-9 వాడారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, దేని మీదన్నా ఆసక్తి ఉందా, బతకడం దండగ అనిపించిందా, ఇలాంటివి. చాక్లెట్ కంటే ముందు అవి అమ్మతో కూర్చుని అడుగు. ఒక్కో జవాబుకి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆలస్యం చెయ్యొద్దు, చివరి ప్రశ్నకి అవుననే జవాబొస్తే లెక్క చూడకుండా ఆ రోజే వెళ్ళండి. ఆవిడ రానంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, గవర్నమెంట్‌దే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

శ్రావణి_కూకట్‌పల్లి
థాంక్యూ అక్కా. నిన్న రాత్రి అడిగా. నాలుగో ప్రశ్నకే ఏడ్చేసింది, మిగతావి అడగలేదు. షుగర్ డాక్టర్‌ని అడిగి సైకియాట్రిస్ట్ పేరు తీసుకున్నా, గురువారం వెళ్తున్నాం. అన్నయ్యకి కూడా చెప్పా, ముందు కోప్పడ్డాడు, తర్వాత వీడియోలో తనూ ఉంటానన్నాడు.

డల్లాస్_సందీప్
మంచి పని చేశారు శ్రావణి గారూ, తప్పకుండా వెళ్ళండి. చాక్లెట్ మాత్రం దాచెయ్యకండి, ఆవిడకి తినాలనిపిస్తే షుగర్ చూసుకుని పెట్టండి. పద్మజ గారూ, ఆ 27 శాతం సంగతికి మాత్రం మీరు ఇంకా జవాబు చెప్పలేదు.