రికార్డు చేసిన బాస్ గిటార్‌కు ఏ తరహా కంప్రెసర్ ప్లగిన్ సరిపోతుంది?

ప్రశ్న – నాలుగుతీగలు

అందరికీ నమస్కారం. నేను బాస్ గిటార్‌ను డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను రికార్డింగుకు తగినట్టు మార్చే పెట్టె) ద్వారా నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి పంపి రికార్డు చేస్తున్నాను; ఆంప్ గానీ మైకు గానీ వాడలేదు. మొత్తం ఆరు పాటల్లో ఐదింటిని వేళ్లతో, ఒకదాన్ని స్లాప్ పద్ధతిలో (బొటనవేలితో తీగను కొట్టి) వాయించాను. బాస్ ట్రాక్‌ను విడిగా విన్నప్పుడు లోపమేమీ తెలియదు. డ్రమ్స్, కీబోర్డు, గాత్రం చేరగానే మాత్రం కొన్ని స్వరాలు ఒక్కసారిగా ముందుకు దూకుతున్నాయి, మరికొన్ని పూర్తిగా మునిగిపోతున్నాయి. ముఖ్యంగా ఎ తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గరి డి స్వరం బాగా పెద్దగా మోగుతోంది, ఇ తీగ మీది కింది స్వరాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన కంప్రెసర్‌లో (పెద్ద స్వరాలను నొక్కి హెచ్చుతగ్గులు తగ్గించే సాధనం) అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను, రిలీజ్ (పట్టు సడలే సమయం) 20 మిల్లీసెకన్లు, రేషియో (ఎంత గట్టిగా నొక్కాలన్న నిష్పత్తి) 8:1 పెట్టి చూశాను. మీటరు మీద హెచ్చుతగ్గులు తగ్గాయి గానీ, కింది స్వరాల్లో స్పీకరు చిరిగినట్టు ఒక గరగర మొదలైంది. పై స్వరాల్లో అది అంతగా లేదు. ఇప్పుడు 1176 అనే పాత కంప్రెసర్ యంత్రాన్ని అనుకరించే ప్లగిన్, ఎల్ఏ-2ఏ అనే మరో పాత యంత్రాన్ని అనుకరించేది, ఏ పాత యంత్రాన్నీ అనుకరించని సాధారణ డిజిటల్ కంప్రెసర్, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలనుకుంటున్నాను. నా ట్రాకులకు ఏది తగినది? ఆ గరగరకు కారణం ప్లగిన్ నాణ్యతేనా?

సమాధానం – మంద్రస్థాయి

ముందుగా గరగర సంగతి చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే ఎంపిక సగం పూర్తయినట్టే. లోపం ప్లగిన్‌లో లేదు, మీరు పెట్టిన సమయాల్లో ఉంది. నాలుగు తీగల బాస్‌లో ఖాళీ ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది, అంటే ఆ తరంగం ఒక్కసారి పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ మొదటికి రావడానికి దాదాపు 24 మిల్లీసెకన్లు పడుతుంది. మీ రిలీజ్ 20 మిల్లీసెకన్లే కాబట్టి, ఒక్క ఆవర్తనం ముగిసేలోపే కంప్రెసర్ తన పట్టును సడలించి మళ్లీ బిగిస్తోంది. అప్పుడు అది స్వరం తీవ్రతను కాకుండా తరంగం ఆకారాన్నే మార్చేస్తుంది. ఆకారం మారితే మూలంలో లేని కొత్త హార్మోనిక్స్ (స్వరం పౌనఃపున్యానికి రెట్లుగా ఉండే పై ధ్వనులు) పుడతాయి, మీకు వినిపిస్తున్న గరగర అదే. ఎ తీగ మీది డి స్వరం 73 హెర్ట్జ్ వద్ద ఉంటుంది, దాని ఆవర్తనం 14 మిల్లీసెకన్ల లోపే, అందుకే పైకి వెళ్లే కొద్దీ గరగర తగ్గింది. ఐదు తీగల బాస్‌లోని బి తీగకు ఈ కాలం 32 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది కాబట్టి వారు ఇంకా జాగ్రత్తపడాలి. రిలీజ్‌ను 150 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, తరువాతి స్వరం వచ్చేసరికి గెయిన్ రిడక్షన్ మీటరు (కంప్రెసర్ ఎంత తగ్గిస్తోందో చూపేది) ఇంచుమించు సున్నాకు చేరేలా పాట వేగాన్ని బట్టి సవరించండి. నిమిషానికి 100 బీట్ల పాటలో సగం బీటుకు ఒక స్వరం చొప్పున వాయిస్తే రెండు స్వరాల మధ్య దూరం 300 మిల్లీసెకన్లు; మీ హద్దు అది.

ఇక మూడు రకాల సంగతి. వీటి మధ్య తేడాను చాలామంది ధ్వని రంగుగా చెబుతారు గానీ, బాస్ విషయంలో కాలప్రవర్తనే ప్రధానమని నా నమ్మకం. బిల్ పట్నం రూపొందించగా 1967లో వచ్చిన 1176లో అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, అంటే అత్యంత నెమ్మది అటాక్ కూడా ఒక మిల్లీసెకనుకు లోపే. వేలు తీగను మీటిన తొలి క్షణాన్నే అది పట్టుకుంటుంది. దాని రిలీజ్ 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల వరకు వెళుతుంది. ఆ యంత్రంలోనూ, దాన్ని నిజాయితీగా అనుకరించే ప్లగిన్లలోనూ అటాక్, రిలీజ్ నాబ్‌లను కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది. ఇతర కంప్రెసర్లకు అలవాటుపడినవారు దీన్ని తలకిందులుగా పెట్టి, ప్లగిన్ బాగోలేదని వదిలేస్తుంటారు.

ఎల్ఏ-2ఏ లోపల ధ్వని తీవ్రతను బట్టి వెలిగే ఒక పలక, ఆ వెలుగుకు నిరోధం మార్చుకునే ఒక కణం ఉంటాయి. దాని అటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు. పట్టు సడలడం మాత్రం రెండు దశల్లో జరుగుతుంది: సగం దాదాపు 60 మిల్లీసెకన్లలో, మిగతాది అర సెకను నుంచి కొన్ని సెకన్ల దాకా. వేళ్లతో వాయించి, స్వరాలను పూర్తి నిడివితో మోగనిచ్చే ట్రాక్‌కు ఈ నెమ్మది స్వభావం ఎంతో నప్పుతుంది, ఎందుకంటే ప్రతి స్వరానికీ విడివిడిగా ఉలిక్కిపడకుండా మొత్తం వరుసను అది ఒక చేత్తో పట్టుకున్నట్టు ఉంచుతుంది. మీ ఐదు పాటలకు నేను దీన్నే ఎంచుకుంటాను. గట్టి స్వరాల దగ్గర 3 నుంచి 5 డెసిబెల్స్ తగ్గింపు చాలు. అయితే ఇటువంటి ప్లగిన్లలో చాలావాటిని డిజిటల్ స్కేలు మీద మైనస్ 18 డెసిబెల్స్ చుట్టూ ఉండే సగటు స్థాయి కోసం సిద్ధం చేస్తారు. ట్రాక్ అంతకన్నా బాగా పెద్దగా రికార్డయి ఉంటే, నాబ్ కొంచెం కదిపినా అతిగా నొక్కేస్తుంది. ముందే ట్రాక్ గెయిన్ తగ్గించి పంపండి.

స్లాప్ పాటకు ఒక్క ఎల్ఏ-2ఏ తరహా ప్లగిన్ చాలదు, బొటనవేలి దెబ్బ దాని అటాక్ మేల్కొనేలోపే దాటిపోతుంది. అక్కడ 1176 తరహాను 4:1 వద్ద ముందు పెట్టి, శిఖరాల నుంచి మాత్రమే 3, 4 డెసిబెల్స్ తీయించి, దాని వెనుక ఎల్ఏ-2ఏను నామమాత్రంగా ఉంచండి. ఒక్కదానితో 8 డెసిబెల్స్ తీయించడం కన్నా ఇద్దరికి పని పంచడం వల్ల వాయింపులోని ప్రాణం నిలుస్తుంది.

సమాధానం – తీగమీటు

పై సమాధానంలో సమయాల గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. అయినా, మీరు చెప్పిన రెండు సమస్యలూ అసలు కంప్రెసర్ తీర్చవలసినవి కావని నాకు అనిపిస్తోంది.

డి స్వరం ఒక్కటే ఎప్పుడూ పెద్దగా మోగుతోందంటే అది వాద్యం స్వభావమో, గది ప్రభావమో, పికప్ ఎత్తు సరిగా లేకపోవడమో అయి ఉండాలి. మీరు డీఐ ద్వారా రికార్డు చేశారు కాబట్టి, హెడ్‌ఫోన్స్‌లో కూడా ఆ స్వరం అంతే పెద్దగా ఉంటే గదిని పక్కన పెట్టవచ్చు. కంప్రెసర్‌కు స్వరాల పేర్లు తెలియవు. థ్రెషోల్డ్ (నొక్కడం మొదలయ్యే స్థాయి) దాటిన దేన్నైనా ఒకేలా నొక్కుతుంది. ఆ ఒక్క స్వరాన్ని దారికి తేవడానికి థ్రెషోల్డ్ దించితే మిగిలిన వాయింపంతా దానికి మూల్యం చెల్లిస్తుంది. క్లిప్ గెయిన్‌తో (రికార్డు చేసిన ముక్క స్థాయిని విడిగా మార్చే అమరిక) ఆ స్వరాలను చేత్తో 2, 3 డెసిబెల్స్ తగ్గించండి. ఒక పాటకు కొంత సమయం, ఓపిక పడతాయి గానీ, ఆ తరువాత పెట్టే కంప్రెసర్ పని సగానికి సగం తేలికవుతుంది.

కింది స్వరాలు వినబడకపోవడం వేరే విషయం. చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్‌ను దాదాపుగా పలకలేవు. అక్కడ ఇ స్వరం మనకు తెలిసేది దాని 82, 123 హెర్ట్జ్ హార్మోనిక్స్ వల్ల, ఇంకా పైనున్న వేలి చప్పుడు వల్ల. అవి బలహీనంగా ఉన్న శుద్ధమైన డీఐ ట్రాక్‌ను ఎంత కంప్రెస్ చేసినా మీటరు నిండుతుందే తప్ప చెవికి ఆ స్వరం అందదు. కొద్దిపాటి శాచురేషన్ (హార్మోనిక్స్ చేర్చే మృదువైన వక్రీకరణ) గానీ, ఆంప్‌ను అనుకరించే ప్లగిన్ గానీ కలిపి చూడండి. మీకు అవసరమైన చోట, అవసరమైనంత మేరకు మీరే పుట్టించే హార్మోనిక్స్ ఇవి. రిలీజ్ పొరపాటు వల్ల వచ్చిన గరగర లాంటివి కావు.

సమాధానం – చెవిమాట

ఒక్క విషయం కలుపుతాను. ఏ రెండు ప్లగిన్లను పోల్చినా వాటి అవుట్‌పుట్ స్థాయిని సమానం చేసి వినండి, ఆటో మేకప్ గెయిన్‌ను (తగ్గిన స్థాయిని తనంతట తానే తిరిగి పెంచే అమరిక) ఆపివేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినది కూడా మెరుగైనదిగా తోస్తుంది, ఆ భ్రమలోనే ఎంతోమంది ప్లగిన్లు కొంటుంటారు. బాస్‌ను సోలోలో (మిగతా ట్రాకులు ఆపి, విడిగా) పెట్టి నిర్ణయించవద్దు.

డిజిటల్ రకంలో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రియాకాంప్ కంప్రెసర్‌ను గమనించండి. దానిలో ఆర్ఎంఎస్ సైజు అనే అమరిక ఉంది. దాన్ని 30 మిల్లీసెకన్ల పైకి పెంచితే డిటెక్టర్ ఒక్కొక్క ఆవర్తనాన్ని కాకుండా సగటును చూస్తుంది కాబట్టి మంద్ర స్వరాల గరగర చాలావరకు తగ్గుతుంది. టోక్యో డాన్ వారి కోటెల్నికోవ్ కంప్రెసర్ ఉచిత రూపం కూడా ఈ పనికి శుభ్రంగా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన – నాలుగుతీగలు

ముగ్గురికీ ధన్యవాదాలు. రిలీజ్‌ను 180 మిల్లీసెకన్లకు మార్చిన మరుక్షణం గరగర మాయమైంది. హెడ్‌ఫోన్స్‌లో కూడా డి స్వరం పెద్దగానే ఉంది కాబట్టి గది కారణం కాదని తేలింది. ఆ స్వరాలను చేత్తో తగ్గించి, ఎల్ఏ-2ఏ తరహా ప్లగిన్‌తో 4 డెసిబెల్స్ మాత్రమే తీయించాను. శాచురేషన్ కలిపాక చిన్న స్పీకర్ల మీద ఇ తీగ మొదటిసారి వినిపించింది. స్లాప్ పాటలో మాత్రం శిఖరాలు అదుపులోకి వచ్చినా, కిక్ డ్రమ్ పడినప్పుడల్లా బాస్ అడుగుభాగం ఊగిసలాడుతున్నట్టుంది. దీనికి మరో కంప్రెసర్ కావాలా?

సమాధానం – మంద్రస్థాయి

మరొకటి అవసరం లేదు, ఉన్నదాన్ని విడదీసి వాడండి. ట్రాక్‌కు ఒక నకలు తీసి, ఒకదానిలో సుమారు 150 హెర్ట్జ్‌కు కింది భాగాన్ని, రెండోదానిలో పై భాగాన్ని మాత్రమే ఉంచండి. కింది భాగాన్ని నెమ్మది రిలీజ్‌తో గట్టిగా, 6 డెసిబెల్స్ దాకా బిగించవచ్చు. అది నేలలా కదలకుండా ఉండాలి. బొటనవేలి దెబ్బ, తీగ చిటపట అంతా పై భాగంలోనే ఉంటాయి కాబట్టి దాన్ని 1176 తరహాకు అప్పగించి స్వేచ్ఛగా వదలండి. రెండింటినీ కలిపాక ఒకదాని పోలారిటీని తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూసి, అడుగు ఎప్పుడు నిండుగా ఉంటుందో ఆ స్థితినే ఉంచండి, ఫిల్టర్లు 150 హెర్ట్జ్ చుట్టూ ఫేజ్‌ను మార్చే అవకాశం ఉంది. అప్పటికీ కిక్‌తో ఊగిసలాట మిగిలితే, అడుగు భాగం మీది కంప్రెసర్ సైడ్‌చెయిన్‌కు (కంప్రెసర్‌ను వేరే ధ్వనితో నడిపించే ఇన్‌పుట్) కిక్‌ను కలిపి, ఒకటి రెండు డెసిబెల్స్ మాత్రం తగ్గేలా పెట్టి చూడండి.