రెండే కొత్త టైర్లు కొంటే ముందుకా, వెనక్కా?

రాత్రిబండి:
మాది ముందు చక్రాలు లాగే కారు. ముందు టైర్లు రెండూ గాడి అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగిపోయాయి. వెనకవి సగానికి పైగా ఉన్నాయి. రెండు కొందామని వెళ్తే, కొత్తవి వెనక వేసి, వెనకవి ముందుకు మారుస్తామంటున్నారు షాపువాళ్లు. అరిగేవి ముందువైతే కొత్తవి వెనకెందుకు?

హైవే:
ముందుకే వేయించండి. ఇంజిన్ బరువు ముందే, లాగేదీ తిప్పేదీ ముందే. బ్రేక్ కొడితే బరువు కూడా ముందుకే పడుతుంది. వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి.

వానదారి:
ఊరికే రావండీ, నా అభ్యంతరమల్లా అక్కడే. తడి మలుపులో కారు తిరిగిపోకుండా ఆపేది వెనక చక్రాలే. ముందువి పట్టు తప్పితే బండి తిరగకుండా తిన్నగా పోతుంది. స్టీరింగ్ తేలికవడం చేతికి తెలుస్తుంది, వేగం తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది. వెనకవి తప్పితే అంత వ్యవధి ఉండదు.

స్నేహితుడి కారులో కళ్లారా చూశాను. ముందు కొత్తవి, వెనక బాగా అరిగినవి. వాన వెలిశాక వంతెన దిగే మలుపులో నీళ్లు నిలిచాయి. ముందు టైర్లు ఆ నీటిని చక్కగా తోసేయడంతో స్టీరింగ్‌లో ఏ తేడా తెలియలేదు. వేగం ఎక్కువైందని అతను యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. అంతే, వెనక బరువు తగ్గి డిక్కీ వైపు పక్కకు విసిరినట్టు తిరిగింది. ఎదురుగా ఏ బండీ లేదు కాబట్టి బతికాం. మిషెలిన్ లాంటి తయారీదారులు కూడా, ముందు చక్రాలు లాగే కారైనా సరే, కొత్తవి వెనకే వేయమంటారు.

హైవే:
మలుపు సంగతి సరే. కానీ రోజూ చేసే పని బ్రేక్ వేయడం కదా? ముందు పాతవి ఉంటే తడిలో ఆగే దూరం పెరగదా?

వానదారి:
పెరుగుతుంది, కాదనను. అందుకే ముందుకు వెళ్లే పాతవాటి గాడి కొలవాలి. కొత్త టైరులో సుమారు 8 మిల్లీమీటర్లుంటుంది. 3 దగ్గరికి వచ్చిందంటే నాలుగూ మార్చండి, రెండుతో సరిపెట్టొద్దు. టైరు పక్కభాగం (సైడ్‌వాల్) మీద ఉండే డాట్ కోడ్, అంటే తయారీ వివరాల సంకేతం, చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. రబ్బరు మీద సన్నటి పగుళ్లుంటే గాడి ఎంతున్నా నమ్మొద్దు. ఇక నాలుగు చక్రాలూ లాగే కారుంటే ఈ లెక్క మీకు పనికిరాదు. అరుగుదలలో తేడా ఎక్కువైతే, చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, దెబ్బతినొచ్చు, మాన్యువల్ చూసుకోండి.

రాత్రిబండి:
వెనకవాటిలో 5 మిల్లీమీటర్లుంది, పగుళ్లు లేవు. తీసేసే ముందు టైర్లు మాత్రం లోపలి అంచు దగ్గరే ఎక్కువ అరిగాయి.

హైవే:
అది చాలావరకు అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణాల అమరికలో తేడా. ఏవి ఎక్కడ వేసినా అది సరిచేయించకపోతే ముందుకొచ్చినవి కూడా అలాగే అరుగుతాయి. అదే రోజు చేయించండి.